తరిమెన పని (అభిరుచిగా)

తరిమెన పని అనగా కర్రముక్కను ఇరుసు మీద తిప్పుతూ, దాని ముందున్న ఆనికపై ఉలిని నిలిపి, గుండ్రని ఆకారాలుగా చెక్కే చేతిపని. మామూలు వడ్రంగంలో కర్ర కదలకుండా ఉంటుంది, పనిముట్టు కదులుతుంది. తరిమెన పనిలో కర్రే తిరుగుతుంది, ఉలి దాదాపు నిలకడగా ఉంటుంది. బొంగరం, కవ్వం, అప్పడాల కర్ర, కుంకుమ భరిణె, మంచం కోడు, ఉలి పిడి, చెక్క గిన్నె మొదలైనవన్నీ ఈ పనితో తయారయ్యేవే. పాత నిఘంటువులలో ఈ యంత్రానికి తరిమెన అనీ, దానిపై పని చేయడానికి తరిమెన పట్టడం అనీ పేర్లు కనిపిస్తాయి. నేడు ఊళ్ళలోనూ పట్టణాలలోనూ లేత్ అనే మాటే వాడుకలో ఉన్నది.

ఈ వ్యాసం జీవనోపాధికి కాక తీరిక వేళల అభిరుచిగా, తక్కువ ఖర్చుతో ఈ పనిని మొదలుపెట్టడానికి కావలసిన విషయాలను వివరిస్తుంది. ఇది ఖరీదైన అభిరుచి అన్న అభిప్రాయం కలగడానికి ముఖ్య కారణం యంత్రం ధర కాదు, యంత్రంతో పాటు మొదటి నెలలోనే కొనే ఉపకరణాలు. వాటిలో సగానికి పైగా తొలి ఏడాది అవసరం రావు. మరోవైపు, సాన పట్టే ఏర్పాటు, ముఖానికి రక్షణ కవచం అనే రెండింటి మీద పొదుపు చేయడం తగదు. మొదటిది లేకపోతే పని రాదు. రెండవది లేకపోతే కన్ను పోవచ్చును.

చరిత్ర

ఈజిప్టులో క్రీ.పూ. 300 ప్రాంతానికి చెందిన పెటోసిరిస్ సమాధి గోడపై ఇద్దరు మనుషులు కలిసి తరిమెన పడుతున్న చిత్రం ఉన్నది. ఒకరు కర్రకు చుట్టిన పట్టీని ముందుకూ వెనుకకూ లాగుతుండగా, మరొకరు ఉలి పట్టుకొంటారు. ఆ తరువాత విల్లుతో తిప్పే పద్ధతి, కాలితో తొక్కి తిప్పే పద్ధతి వచ్చాయి. మొరాకోలో విల్లును ఒక చేత్తో ఆడిస్తూ, ఉలిని మరో చేత్తోనూ కాలివేళ్ళతోనూ పట్టి పనిచేసేవారిని నేటికీ చూడవచ్చును. ఇంగ్లండులో హై వికమ్ పట్టణం చుట్టుపక్కల బీచ్ చెట్ల అడవులలో బాడ్జర్లు అనే పనివారు ఇరవయ్యో శతాబ్దం వరకు తొక్కుడు తరిమెనపైనే కుర్చీ కాళ్ళు చేసేవారు. కొత్తగా మొదలుపెట్టేవారు ఈ చివరి విషయాన్ని గుర్తుంచుకొనదగును. విద్యుత్తు లేకుండా, కొన్ని పలకలు, ఒక తాడు, ఒక గడతో ఒక పరిశ్రమే నడిచింది.

అభిరుచిగా ఈ పని చేసేవారి సంఖ్య ఇరవయ్యో శతాబ్దపు చివరి భాగంలో అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో బాగా పెరిగింది. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్ 1986లో ఏర్పడింది.

తెలుగునాట

ఆంధ్రప్రదేశ్‌లో ఈ కళకు పేరుపొందిన ఊరు ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ గ్రామం 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్నది. ఇక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి సహజ రంగులను తిరిగి వాడుకలోకి తేవడంలో కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలు కూడా ఇదే పద్ధతిలో తయారవుతాయి. కొండపల్లి, నిర్మల్ బొమ్మలను తరచుగా వీటితో కలిపి చెబుతుంటారు గానీ, అవి చేత్తో చెక్కి అతికినవి, తరిమెన పట్టినవి కావు.

ఏటికొప్పాక పనిలో అభ్యాసకునికి పనికివచ్చే పాఠం ఒకటి ఉన్నది. అక్కడి వస్తువులలో ఎక్కువ భాగం చిన్నవి. అంకుడు కర్ర మెత్తనిది, పోగు సన్ననిది, తెల్లనిది. చిన్న వస్తువుకు చిన్న యంత్రం చాలును, మెత్తని కర్రకు తక్కువ బలం చాలును. పెద్ద గిన్నెతో మొదలుపెట్టాలన్న ఆశ వల్లనే కొత్తవారి ఖర్చు పెరుగుతుంది.

యంత్రం ఎంపిక

లేత్ పరిమాణాన్ని రెండు కొలతలతో చెబుతారు. తిప్పగలిగే గరిష్ఠ వ్యాసం ఒకటి, రెండు మొనల మధ్య పట్టే పొడవు మరొకటి. 8 నుండి 12 అంగుళాల వ్యాసం, 12 నుండి 18 అంగుళాల పొడవు పట్టే బల్ల లేత్ అభిరుచికి సరిపోతుంది. అర అశ్వశక్తి మోటారు ఉంటే చిన్న వస్తువులన్నీ చేయవచ్చును.

పాత యంత్రం కొనడం మంచి పొదుపు. కొనేముందు మూడు పరీక్షలు చేయాలి. తిరిగే ఇరుసును చేత్తో పట్టి పైకీ పక్కలకీ కదిలించి చూడాలి, ఊగులాట ఉంటే బేరింగులు అరిగినట్లు. రెండు వైపుల మొనలను దగ్గరకు జరిపి, అవి ఎదురెదురుగా సూటిగా కలుస్తున్నాయో లేదో చూడాలి. మూడవది ఇరుసు మర కొలత. 1 అంగుళానికి 8 పోగుల మర, 33 మిల్లీమీటర్ల మర వంటి ప్రామాణిక కొలతలుంటే తరువాత కావలసిన ఉపకరణాలు దొరుకుతాయి. మర ఏదో తెలియని యంత్రం ఎంత చౌకగా వచ్చినా, దానికి తగిన ఫేస్‌ప్లేట్‌ను ప్రత్యేకంగా చేయించుకోవలసి వస్తుంది. పైపూత రాలడం, తుప్పు మరకలు వంటివి పట్టించుకోనక్కరలేదు.

చేతి డ్రిల్లుకు తగిలించే లేత్ ఉపకరణాలు అన్నిటికన్నా చౌక. అయితే డ్రిల్లు బేరింగులు నిలువు ఒత్తిడికి చేసినవి, పక్క ఒత్తిడికి కాదు. పెన్ను, చిన్న బొంగరం వరకు ఫరవాలేదు. అంతకుమించితే డ్రిల్లు పాడవుతుంది. పాత ఇంటి యంత్రాల మోటార్లతో లేత్ తయారుచేసుకొనేవారు బెల్టుకు మూత, తీగలకు ఎర్తింగు, చేతికి అందేచోట ఆపే స్విచ్చు తప్పక ఏర్పాటు చేసుకొనవలెను. కొన్ని మోటార్లు భారం లేనప్పుడు అదుపు తప్పిన వేగంతో తిరుగుతాయి కనుక, విద్యుత్ పని తెలియనివారు ఈ ప్రయత్నం మానడమే మంచిది.

తొక్కుడు తరిమెన

నిజంగా తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలనుకొనేవారికి ఇది అన్నివిధాలా తగినది. రెండు గట్టి పలకలను మధ్యలో సందు వదిలి, సమాంతరంగా, నిలబడినవారి మోచేతి ఎత్తుకు కొంచెం తక్కువగా అమర్చాలి. ఆ సందులో రెండు నిలువు దిమ్మెలు దించి, పలకల కింద చీలలతో బిగించాలి. ఒక్కో దిమ్మెలో మొన తీసిన ఇనుప బోల్టు ఒకటి ఉంటుంది. కర్ర ఈ రెండు మొనల మధ్య తిరుగుతుంది. తాడును కర్రకు రెండు చుట్లు చుట్టి, ఒక కొసను కింద తొక్కుడు పలకకు, మరో కొసను తలపైన వంగే గడకు కట్టాలి. మన ప్రాంతంలో ఇందుకు వెదురు గడ చక్కగా పనిచేస్తుంది. స్థలం లేనిచోట సాగే రబ్బరు తాడు కూడా వాడవచ్చును.

కాలు తొక్కినప్పుడు కర్ర పైభాగం పనివాని వైపుకు తిరిగేలా తాడు చుట్టాలి. ఉలి కోసేది ఆ సమయంలో మాత్రమే. కాలు ఎత్తినప్పుడు గడ తాడును వెనక్కి లాగుతుంది, అప్పుడు ఉలిని ఒక వెంట్రుకవాసి వెనక్కి తీయాలి. ఈ లయ కుదరడానికి కొన్ని రోజులు పడుతుంది. పని నిదానం, కాలికి శ్రమ. కానీ పచ్చి కర్రతో పనిచేయడం వల్ల దుమ్ము లేవదు, చప్పుడు ఉండదు, ఉలి చిక్కుకుంటే కర్ర ఆగిపోతుంది తప్ప ఎగిరి ముఖాన పడదు. పాఠశాలలలో పెద్ద తరగతుల పిల్లలకు నేర్పాలంటే విద్యుత్ లేత్ కన్నా ఇదే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఉలులు

దుకాణాలలో ఎనిమిది, పది ఉలుల పెట్టెలు చౌకగా కనిపిస్తాయి. వాటిలో రోజూ వాడేవి మూడు నాలుగే. రెండు మొనల మధ్య చేసే పనికి పలకల కర్రను గుండ్రం చేసే వెడల్పు గౌజ్ (గాడి ఉలి) ఒకటి, వంపులు తీర్చే సన్నని గౌజ్ ఒకటి, వాలు అంచు గల స్క్యూ ఉలి ఒకటి, ముక్కను వేరుచేసే పార్టింగ్ ఉలి ఒకటి ఉంటే చాలును. గిన్నెలు చేయదలచినప్పుడు లోతు గాడి గల బౌల్ గౌజ్ అవసరమవుతుంది. వెడల్పు గౌజ్‌ను గిన్నెల మీద ఎంతమాత్రం వాడరాదు. దాని పిడిలోకి వెళ్ళే తోక సన్నగా ఉండి, గిన్నె అంచు తగిలిన దెబ్బకు విరిగిన సందర్భాలు ఉన్నాయి.

హైస్పీడ్ స్టీల్ ఉలులు కొంచెం ఖరీదైనా కొనదగినవి. కార్బన్ ఉక్కు సాన మీద వేడెక్కి నీలిరంగుకు తిరిగితే పదును నిలవదు. హైస్పీడ్ స్టీల్ అంతకన్నా ఎంతో ఎక్కువ వేడిని తట్టుకొంటుంది. పిడి లేని ఉలులు కొని, పిడిని తానే తరిమెన పట్టుకొంటే ధర తగ్గుతుంది, తొలి అభ్యాసమూ అవుతుంది. కార్బైడ్ బిళ్ళలు బిగించిన పనిముట్లకు సాన అక్కరలేదు. అవి కర్రను గీకుతాయే గాని కోయవు కనుక మెత్తని కర్రపై పోగు లేస్తుంది. పైగా బిళ్ళ అరిగిన ప్రతిసారీ కొత్తది కొనాలి.

నాలుగు దవడల చక్ మీద కొత్తవారు చాలా ఖర్చు పెడతారు. చక్ సౌకర్యమే కాని, తప్పనిసరి కాదు. యంత్రంతో వచ్చే ఫేస్‌ప్లేటుకు మరమేకులతో ఒక పనికిరాని దిమ్మె బిగించి, దానికి అసలు ముక్కను జిగురుతో అతికించవచ్చును. రెంటి మధ్య ఒక కాగితం పెట్టి అతికితే, పని పూర్తయ్యాక ఉలి మొనతో తట్టగానే కాగితం చీలి ముక్క విడివడుతుంది. గిన్నెను తిరగేసి అడుగు తీర్చడానికి, ఒక దిమ్మెలో గిన్నె అంచు బిగుతుగా పట్టేంత గాడి తీసి అందులో తొడిగితే సరిపోతుంది.

సాన పట్టడం

మొద్దు ఉలితో నేర్చుకొన్నవారికి చేతివాటం తప్పుగా పడుతుంది. ఉలి కోయనప్పుడు బలంగా నొక్కుతారు, నొక్కినప్పుడు ఉలి చిక్కుకుంటుంది, ఆపై భయం పట్టుకుంటుంది. కాబట్టి యంత్రం మీద మిగిల్చిన డబ్బును ముందుగా 6 లేక 8 అంగుళాల గ్రైండరు మీద పెట్టాలి. మామూలు బూడిదరంగు రాయి ఉలిని త్వరగా వేడెక్కిస్తుంది. తెల్లని అల్యూమినియం ఆక్సైడ్ రాయి మేలు. గ్రైండరు కొనలేనివారు చెక్క బిళ్ళను తరిమెన పట్టి, దానిపై గరుకు కాగితం అతికించి, లేత్ మీదనే తక్కువ వేగంతో సాన పట్టవచ్చును.

సాన అంచు వాలును కోణంతో చెబుతారు. స్క్యూ ఉలికి రెండు వైపులా కలిపి సుమారు 30 నుండి 40 డిగ్రీలు, సన్న గౌజ్‌కు 30 నుండి 40, బౌల్ గౌజ్‌కు 40 నుండి 60 వరకు వాడతారు. కోణం సరిగ్గా ఎంత అన్నదానికన్నా ప్రతిసారీ అదే కోణం రావడం ముఖ్యం. ఇందుకు ఒక సులువు ఉన్నది. ఉలి వాలుకు మార్కర్ పెన్నుతో రంగు పూసి, రాయికి ఆనించి చేత్తో రాయిని ఒకసారి తిప్పాలి. రంగు పైనుంచి కిందివరకు సమంగా పోతే కోణం కుదిరినట్లు. అంచు దగ్గర మాత్రమే పోతే పిడి బాగా ఎత్తుగా ఉన్నట్లు, మడమ దగ్గర మాత్రమే పోతే బాగా దించినట్లు.

కోసే తీరు

ముందు ఉలిని ఆనిక మీద ఉంచాలి, తరువాత ఉలి వాలు మడమను తిరిగే కర్రకు తాకించాలి, ఆపైన పిడిని మెల్లగా ఎత్తి అంచును కోతకు తేవాలి. ఈ వరుస తప్పితే, అంచు ముందుగా కర్రకు తగిలి ఉలి ఒక్కసారిగా లాగబడుతుంది. మొనల మధ్య పనిలో లావు వైపు నుండి సన్నని వైపుకు కోయాలి. అలా కోస్తే పోగుకు కింద ఆధారం ఉంటుంది. గిన్నె వెలుపలి భాగంలో పోగు అడ్డంగా ఉంటుంది కనుక ఇది తారుమారై, అడుగు నుండి అంచు వైపుకు కోయవలసి వస్తుంది. గిన్నె లోపల మాత్రం అంచు నుండి నడిమికి.

వేగానికి వాడుకలో ఒక లెక్క ఉన్నది. వ్యాసం (అంగుళాలలో), నిమిషానికి చుట్ల సంఖ్య, ఈ రెంటి గుణకారం 6,000 నుండి 9,000 మధ్య ఉండాలి. 6 అంగుళాల గిన్నెకు అది 1,000 నుండి 1,500 చుట్లు. వంకర ముక్కలకు, ఇంకా గుండ్రం కాని ముక్కలకు ఇంతకన్నా బాగా తక్కువ వేగంతో మొదలుపెట్టాలి. 10 అంగుళాల ముక్క నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు దాదాపు 48 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్లు లెక్క.

కలప

ఈ అభిరుచిలో కలపకు డబ్బు పెట్టనక్కరలేదు. ఇంటి పెరటిలో కొట్టిన వేప కొమ్మ, గాలివానకు పడిన మామిడి, పనస, చింత, తుమ్మ ముక్కలు అన్నీ పనికివస్తాయి. మామిడి అభ్యాసానికి అనుకూలం. చింత గట్టిది, బొంగరాలకు బాగుంటుంది. సరుగుడు, నీలగిరి ఆరేటప్పుడు ఎక్కువగా పగులుతాయి. టేకులో ఇసుక గుణమున్న పదార్థం ఉండడం వల్ల ఉలి త్వరగా మొద్దుబారుతుంది. గన్నేరు విషవృక్షం కనుక వంటపాత్రలకు వాడరాదు. ఎర్రచందనం చిన్న ముక్క అయినా, అది ఎక్కడిదో తెలిపే అధికారిక పత్రం లేనిదే కొనరాదు. స్వంత స్థలంలోని చెట్టును కొట్టడానికి కూడా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అవసరమవుతుందని చాలామందికి తెలియదు. సరుకుల పెట్టెల చెక్కలు వాడేటప్పుడు వాటి మీది ముద్ర చూడాలి. ‘హెచ్.టి.’ అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి. ‘ఎం.బి.’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసినవి, వాటిని వదిలివేయాలి.

పచ్చి కర్ర సులువుగా తెగుతుంది కానీ ఆరేటప్పుడు వంకరపోతుంది. వార్షిక వలయాల వెంబడి కుంచించుకుపోయేది, నడిమి నుండి బెరడు దిశలో కుంచించుకుపోయేదానికి సుమారు రెట్టింపు. పగుళ్ళకు కారణం ఈ తేడాయే. అందువల్ల దుంగను నడిమి బెండు గుండా నిలువుగా చీల్చి పెట్టుకోవాలి, కొసలకు మైనంగానీ పాత రంగుగానీ పూయాలి. గిన్నెను మొదట వ్యాసంలో పదోవంతు మందంతో ముతకగా చేసి, కాగితంలో చుట్టి నీడలో కొన్ని నెలలు ఆరనిచ్చి, వంకరపోయిన దానిని మళ్ళీ తరిమెన పట్టి తీరుస్తారు.

మొదటి వస్తువులు

ఉలి పిడి, అప్పడాల కర్ర, బొంగరం, ఈ వరుసలో చేయడం మంచిది. పిడిలో కొలత తప్పినా నష్టం లేదు. అప్పడాల కర్రలో పొడవునా ఒకే లావు రావాలి, చూడడానికి సులువైనా కొత్తవారికి ఇదే కష్టం. బొంగరం అభ్యాసకుని పనికి నిష్పక్షపాతి అయిన పరీక్షకుడు. నడిమి తప్పితే తాడు వదలగానే ఊగుతుంది.

జాగ్రత్తలు

2011 ఏప్రిల్‌లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో రాత్రివేళ ఒంటరిగా పనిచేస్తున్న ఒక విద్యార్థిని జుట్టు లేత్‌లో చిక్కుకొని ఆమె మరణించింది. అది లోహపు పనికి వాడే లేత్ అయినా ప్రమాదం ఒకటే. జుట్టు ముడివేసి కట్టుకోవాలి. చీర కొంగు, చున్నీ, పంచె, కండువా, వదులు చేతుల చొక్కా, ఉంగరం, గడియారం, గాజులు ఉండరాదు. చేతి తొడుగులు కూడా రక్షణ కాదు, అవి చేతిని లోపలికి లాగుతాయి. మాటలాడుతూ పని చేయరాదు. ఒంటరిగా ఉన్న ఇంటిలో పని చేయరాదు.

కళ్ళజోడు చాలదు, ముఖం మొత్తాన్ని కప్పే పారదర్శక కవచం కావాలి. స్విచ్చు వేసే ముందు కర్రను చేత్తో ఒక చుట్టు తిప్పి, ఆనికకు తగలడం లేదని చూడాలి. వేసేటప్పుడు కర్ర ఎగిరే దారికి పక్కగా నిలబడాలి. ఆనికను తిరుగుతున్నప్పుడు జరపరాదు. గరుకు కాగితం రుద్దేటప్పుడు ఆనికను పూర్తిగా తీసివేయాలి.

దుమ్ము వెంటనే కనిపించని ప్రమాదం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కలప దుమ్మును మానవులలో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గం పదార్థాలలో చేర్చింది. ముక్కు, సైనసుల క్యాన్సర్ ఇందులో ముఖ్యమైనది. గరుకు కాగితం రుద్దేటప్పుడు ఎన్-95 ముఖతొడుగు తప్పక ధరించాలి. పదునైన ఉలితో నున్నగా కోసినవారికి గరుకు కాగితం పనే తగ్గిపోతుంది.

మెరుగు

లక్క పూతకు లేత్ మీద తిరుగుతున్న వస్తువుకే రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి అంటుకొంటుంది. దానిని మొగలి ఆకుతో ఒత్తి సమంగా పరచి మెరుపు తెస్తారు. వేరే పొయ్యి గాని, కుంచె గాని అవసరం లేదు. ఇంట్లో అభ్యసించేవారు తక్కువ వేగంతో, చిన్న వస్తువుపై మొదలుపెట్టవచ్చును. వంటింటి వస్తువులకు తేనెమైనం, లేక అవిసె నూనె వాడవచ్చును. కొబ్బరి నూనె ఆరి గట్టిపడదు కనుక పూతగా నిలవదు.

పూతను గుడ్డతో కాక కాగితంతో రుద్దాలి. కాగితం చిక్కుకుంటే చినిగిపోతుంది, గుడ్డ వేలిని లాగుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను, కాగితాలను ఉండచుట్టి మూలన పడవేస్తే, నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి తమంతట తామే అంటుకోగలవు. వాటిని ఆరుబయట విప్పి ఆరవేయాలి, లేదా నీళ్ళలో ముంచి పారవేయాలి.